గ్రాట్యుటీ లేని కొలువు

యూఏఈ కార్మిక చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క గ్రాట్యుటీ. ఏడాది నిండిన ఉద్యోగి కొలువు మానేసి వెళ్ళేటప్పుడు మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున మూలవేతనం లెక్కగట్టి చేతిలో పెట్టాలి. ముదీర్, అంటే మేనేజరు, మంచివాడైనా, పొద్దున లేస్తే కేకలేసేవాడైనా ఇవ్వాల్సిందే. నేను 2013 నుంచి 2025 దాకా పదమూడు సీజన్లు సన్‌రైజర్స్ హైదరాబాద్ అనే సంస్థలో అభిమానిగా పనిచేశాను. ఆ లెక్కన నాకు రావలసింది 105, దానికి 240 కలిపితే 345 రోజుల మూలవేతనం. నా మూలవేతనం సున్నా. సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నాయేనని మూడో తరగతిలోనే చెప్పారు. అయినా ఫోను తీసి ఒకసారి హెచ్చవేసి చూశాను. ఏటా మే నెలలో నెట్ రన్‌రేట్ లెక్కలు చేసి చేసి అలవాటుపడిన వేళ్ళు, చెబితే వినవు.

“అభిమానం కూడా కొలువేనారా, జీతమడగనీకి?” అంటాడు మా రూములో ఉండే జగిత్యాల అన్న. దుబాయి కరామాలో ఒక ఫ్లాట్లో బెడ్ స్పేసు మాది. కింది మంచం అన్నది, పైది నాది. గెలుపోటముల మీద అన్నకు గట్టి సిద్ధాంతం ఉంది. “గెల్చెటోళ్ళ ఎంబడి ఎవడన్న తిరుగుతడు తమ్మీ. ఓడెటోన్ని ఇడ్వనోడే అసల్ ఫ్యాన్.” ఇది అన్న సొంత కవిత్వమేమీ కాదు. ఆరెంజ్ ఆర్మీ అని పేరు పెట్టుకుని కాషాయం, నారింజ మధ్య రంగు చొక్కాలేసుకుని తిరిగే మా జాతి మొత్తానికి వేదవాక్కు. నా గొడవంతా ఈ మాటతోనే. ఇదే మాట ఎవడైనా కాంట్రాక్టరు తన కూలీలకు చెప్పాడనుకోండి. “జీతమిచ్చే చోట ఎవడైనా చేస్తాడు, ఇవ్వని చోట చేసేవాడే అసలు పనివాడు” అన్నాడనుకోండి. సాయంత్రానికల్లా క్యాంపు మొత్తం కాన్సులేటు ముందు ఉంటుంది. క్రికెట్ అనేసరికి అదే క్యాంపు చప్పట్లు కొడుతుంది.

మా కష్టాలు మొదట కంటికి దూరంగానే జరిగేవి. కరోనా పుణ్యమా అని గుమ్మంలోకొచ్చాయి. 2020లో ఐపీఎల్ మొత్తం దుబాయి, అబుదాబి, షార్జాల్లోనే ఆడించారు. జనాన్ని మాత్రం లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాది మావాళ్ళు ఏం ఆడారండీ! నవంబరు 3న షార్జాలో ముంబైని పది వికెట్లతో ఓడించారు, 6న అబుదాబిలో బెంగళూరును ఇంటికి పంపారు, 8న ఢిల్లీ చేతిలో 17 పరుగులతో ఓడి మూడో స్థానంతో మర్యాదగా తిరిగొచ్చారు. మరుసటేడు సెప్టెంబరులో సగం సీజను మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ఈసారి టీకా వేయించుకున్న రుజువు చూపిస్తే రానిస్తామన్నారు. చూపించి వెళ్ళాం. మొత్తం 14 మ్యాచుల్లో మూడు గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదోవాళ్ళుగా ముగించారు. మేం గోడ బయట ఉంటే మూడు, లోపలికొస్తే ఎనిమిది. దిష్టి మాదే అయ్యుండాలి.

షార్జా సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. 2021 సెప్టెంబరు 25, శనివారం. దుబాయి నుంచి షార్జా రోడ్డెక్కినవాడికి సహనం దానంతటదే వస్తుంది. పంజాబ్‌తో మ్యాచ్ సాయంత్రం ఆరింటికి మొదలైంది. మేం సీట్లు వెతుక్కుని కూర్చునేసరికి పంజాబ్ ఇన్నింగ్స్ సగం అయిపోయింది. ఆ జట్టు మొత్తం కష్టపడి చేసింది 125. అన్న మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు ఊరికి ఫోన్ చేసి వదినకు గెలుపు వార్త చెప్పేశాడు. 126 కొట్టడానికి మళ్ళీ మ్యాచ్ చూడాలా అని కూడా అన్నాడు. 1998 ఏప్రిల్లో ఇసుక తుపాను తర్వాత సచిన్ ఆస్ట్రేలియా మీద రెండు రోజుల తేడాతో రెండు సెంచరీలు కొట్టిన మైదానం ఇది. చిన్న బౌండరీలు. గట్టిగా తుమ్మితే బంతి అవతల పడుతుందని పేరు.

వార్నర్ 2. విలియమ్సన్ 1. తర్వాత వచ్చినవాళ్ళు పిచ్‌తో ఏదో ముఖ్యమైన విషయం మాట్లాడుతున్నట్టు నిలబడ్డారు. వెస్టిండీస్ నుంచి వచ్చిన హోల్డర్ ఒక్కడు, అంతకుముందే మూడు వికెట్లు తీసి అలసిపోయినవాడు, 29 బంతుల్లో 47 కొట్టాడు. అయిదు సిక్సర్లు. అయిదు పరుగులతోనే ఓడిపోయాం. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ బహుమతి హోల్డర్‌కే ఇచ్చారు. ఓడిన జట్టువాడికి ఇచ్చారంటే, మిగతా పదిమంది గురించి నిర్వాహకుల అభిప్రాయం వేరే చెప్పక్కర్లేదు. తిరుగు దారిలో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వదిన ఫోన్ చేసింది. అన్న ఎత్తలేదు.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మా బ్యాటింగ్‌ను దాని పరిధిలోకి ఎందుకు తేకూడదో నాకు అర్థం కాదు. ఆరుబయట, మనుషుల ప్రాణం మీదికి వచ్చే వ్యవహారమే కదా.

ఇక వార్నర్ వ్యవహారం. గల్ఫ్‌లో మనవాళ్ళకు ‘ఖల్లివెల్లి’ అని ఒక మాట ఉంది. అరబ్బీలో ‘పోనీలే, వదిలెయ్’ అని అర్థం. మన కరీంనగర్, నిజామాబాద్ నోళ్ళలో పడి, కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలేసి కాగితాల్లేకుండా తిరిగేవాడికి పేరైంది. పనివాడు కంపెనీని వదిలిపోతే ఖల్లివెల్లి. మా కంపెనీ ఎదురు తిప్పింది. 2016లో 848 పరుగులు చేసి ఒకే ఒక్క కప్పు తెచ్చినవాడు, మా చొక్కాలోనే మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్నవాడు, లాక్‌డౌన్లో ‘బుట్టబొమ్మ’ పాటకు ఇంటిల్లిపాదితో చిందేసి మా పిన్నమ్మల దగ్గర కూడా మార్కులు కొట్టేసినవాడు. 2021 మే 1న కెప్టెన్సీ తీసి విలియమ్సన్‌కిచ్చారు, మర్నాడు జట్టులోంచే తీసేశారు. ఇక్కడికొచ్చాక రెండు మ్యాచులు ఆడించారు. ఒకదాంట్లో 0, రెండోది మీకు చెప్పిన 2. మూడో మ్యాచ్ నుంచి మళ్ళీ బయటే. కుర్రాళ్ళకు అవకాశం ఇస్తున్నామన్నారు. అక్టోబరు 3న దుబాయి స్టేడియంలో చూస్తే మాజీ కెప్టెన్ గ్యాలరీలో నిలబడి జట్టు జెండా ఊపుతున్నాడు! అంటే మా స్థాయికి వచ్చేశాడు. జీతమైనా ఉంది, అది వేరే సంగతి. ఆ రోజు మావాళ్ళు చేసింది 115.

సరిగ్గా 42 రోజులు గడిచాయి. నవంబరు 14న అదే దుబాయి స్టేడియంలో టీ20 ప్రపంచకప్ ఫైనల్. న్యూజిలాండ్ తరఫున విలియమ్సన్ 48 బంతుల్లో 85. ఆస్ట్రేలియా తరఫున వార్నర్ 53, కప్పు వాళ్ళదే, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ కూడా వార్నరే. మా ఇద్దరు కెప్టెన్లూ ప్రపంచకప్ ఫైనల్ ఆడగలరు, గెలవగలరు. మా చొక్కా విప్పితే చాలు. అన్న ఆ రాత్రి మ్యాచ్ చూసి “చూసినవా, మనోడే” అన్నాడు. ఏ మనోడు, ఎలా మనోడు అని నేను అడగలేదు. రూములో శాంతి ముఖ్యం.

ఆ తర్వాతి కథ వేగంగా చెప్పేస్తా, లేకపోతే నాకే బీపీ. మా రషీద్ ఖాన్ కొత్త గుజరాత్ జట్టుకు పోయాడు, వాళ్ళు మొదటి ఏడాదే కప్పు కొట్టారు. వార్నర్ ఢిల్లీకి పోయి 2022 మే 5న మామీదే 92 నాటౌట్. 14 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్న విలియమ్సన్‌ను ఏడాదికే వదిలేస్తే, గుజరాత్ రెండు కోట్లకు పట్టుకుపోయింది. 2023లో పది జట్లలో పదోస్థానం. జట్ల సంఖ్య పెంచినా అడుగు మాత్రం మాకే రిజర్వు.

‘మన’ జట్టు అంటాం కదా, ఆ ‘మన’ ఎక్కడుందో ఓ సాయంత్రం వెతికాను. యజమానులది చెన్నై. కెప్టెన్లు శ్రీలంక, వెస్టిండీస్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చి వెళ్ళారు. హైదరాబాదు కుర్రాడు సిరాజ్ 2017లో మా దగ్గరే ఉన్నాడు. వదిలేశాం. బెంగళూరు పోయి పెద్దవాడై, గుజరాత్ చొక్కాలో 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌కు వచ్చి 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసి, సొంతూరికి సారె పెట్టి వెళ్ళాడు. తిలక్ వర్మ ముంబైలో. రాయుడు కప్పులన్నీ ముంబైలోనూ చెన్నైలోనూ పోగేసుకున్నాడు. విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి దొరికాడు కాబట్టి ఈ పేరా ఇక్కడితో ఆపగలుగుతున్నాను. హైదరాబాదువాడు పొట్టచేత పట్టుకుని వేరే ఊరు పోవాలి, హైదరాబాదులో పనికి వేరే దేశంవాడు రావాలి. దుబాయిలో కూర్చుని నేను దీన్ని వింత అనకూడదేమో.

ఓడే జట్టును మోయడం ఒక్క తెలుగువాడి జాతకమే అనుకోకండి. అమెరికా ఫుట్‌బాల్లో న్యూ ఓర్లియన్స్ సెయింట్స్ 1980లో 16 ఆటల్లో ఒక్కటే గెలిస్తే, అభిమానులు తలకు కాగితం సంచులు తగిలించుకుని, కళ్ళకు చిల్లులు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2017 సీజన్లో పదహారుకు పదహారూ ఓడితే, 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో జనం స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగారు. అది కదా పౌరుషం! పైగా అక్కడ కట్టకడపటి జట్టుకు ఒక ఊరట ఉంది. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడంలో మొదటి ఛాన్సు వాళ్ళదే. మా ఐపీఎల్‌లో అడుగున ఉన్నందుకు దక్కేది వేలంలో ఒక బల్ల, ఎత్తడానికి ఒక తెడ్డు.

ఆ తెడ్డు ప్రతాపం కూడా మా ఊళ్ళోనే చూశాం. 2023 డిసెంబరు 19న వేలం దుబాయిలో, కోకాకోలా అరీనాలో పెట్టారు. మావాళ్ళు కమిన్స్‌ను 20.5 కోట్లకు కొన్నారు. దిర్హాముల్లో చెప్పాలంటే దాదాపు 90 లక్షలు. ఐపీఎల్ చరిత్రలోనే రికార్డు! సంబరం ఆ పూటంతా కూడా నిలవలేదు, స్టార్క్ కోసం కోల్‌కతా 24.75 కోట్లు పెట్టింది. న్యాయంగా మాట్లాడాలంటే ఆ కొనుగోలు మంచిదే. 2024లో 277, 287 అంటూ స్కోర్లు కొట్టి ఫైనల్‌కు చేరాం. ఫైనల్లో 113 ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్ అన్నింట్లోకీ తక్కువ స్కోరు. కోల్‌కతా పదకొండు ఓవర్లు కూడా తీసుకోలేదు. మొదటి ఓవర్లోనే మా ఓపెనర్ అభిషేక్ వికెట్లు ఎగరగొట్టినవాడు ఆ స్టార్కే.

2025లో మావాళ్ళ కొత్త నినాదం ‘మూడొందలు’. మార్చి 23న 286 కొట్టేసరికి మూడొందలు ఈ వారమా, వచ్చే వారమా అని రూముల్లో పందాలు. తర్వాత వరసగా నాలుగు ఓటములు. చివరికి ప్లేఆఫ్ ఆశలు పూర్తిగా చచ్చాక, ఆఖరి మ్యాచ్‌లో 278 కొట్టి 110 పరుగులతో గెలిచారు. పెళ్ళివారు వెళ్ళిపోయాక బాజాలు మోగించడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. అన్న ఆ రాత్రి బిర్యానీ తెప్పించాడు. ఆరో స్థానానికి బిర్యానీ తిన్న రూము కరామా మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది.

అందుకే నాదొక విన్నపం. వీసా గడువు దాటినవాళ్ళకు యూఏఈ అప్పుడప్పుడు క్షమాభిక్ష పెడుతుంది. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పెట్టింది కూడా. జరిమానా కట్టకుండా కాగితాలు సరిచేసుకోవచ్చు, లేదా ఇంటికెళ్ళిపోవచ్చు. ఐపీఎల్ వాళ్ళు అభిమానులకూ అలాంటి గడువు ప్రకటించాలి. ‘గోడదూకుడు’ అనే నింద లేకుండా వేరే జట్టుకు మారిపోయే నాలుగు నెలలు. ఎంతమంది మారతారో మా అన్న చూడాలి. నిజానికి మా పాస్‌పోర్టులు జట్టు ఎప్పుడూ పట్టుకోలేదు. మేమే ఇచ్చాం, రసీదు కూడా అడగలేదు.

2025 డిసెంబరు 16న వేలం మళ్ళీ ఇక్కడికే, అబుదాబికి వచ్చింది. లివింగ్‌స్టోన్ పేరు మొదటిసారి పిలిస్తే ఒక్క చెయ్యీ లేవలేదు, మావాళ్ళదీ లేవలేదు. రెండోసారి పిలిచినప్పుడు మావాళ్ళు 13 కోట్లు పెట్టారు. సంతలో పొద్దున వద్దన్న వంకాయల్ని సాయంత్రం ఆరింతల ధరకు కొన్నట్టు. అన్న మాత్రం సూట్‌కేసు సర్దుకుంటూనే ఫోన్లో వేలం చూసి, “ఈసారి పక్కా తమ్మీ” అన్నాడు.

సూట్‌కేసు ఎందుకంటే, అన్న కొలువు మానేసి ఊరెళ్ళిపోతున్నాడు. గ్రాట్యుటీ వచ్చింది. టైగర్ బామ్, ట్యాంగ్ డబ్బాలు, వదినకు సెంటు, పిల్లలకు చాక్లెట్లు, ముప్ఫై కిలోలు ఎప్పుడో దాటింది. బెడ్ స్పేసు ఆనవాయితీ ప్రకారం బకెట్టు, కుక్కరు, ఇస్త్రీపెట్టె కొత్తగా వచ్చిన సిరిసిల్ల కుర్రాడికి అప్పగించాడు. వాటిపైన మడతపెట్టిన నారింజ చొక్కా.

కుర్రాడు విప్పి చూశాడు. “కంపెనీ డ్రెస్సా అన్నా ఇది?”

“అవు తమ్మీ,” అన్నాడు అన్న, జిప్పు లాగుతూ. “జీతముండది. మల్ల నన్నడుగకు.”