ఎండున్న ఊళ్లో ఆరబెట్టే యంత్రం

వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఉన్న రాష్ట్రంలోనే, బట్టలను ఉతికి ఆ డ్రమ్ములోనే వేడిగాలితో ఆరబెట్టే వాషర్ డ్రయ్యర్ నేడు గృహలక్షణంగా చలామణీ అవుతోంది. దానిపై కనిపించే ‘8/5 కిలోలు’ అన్న అంకెలకు అర్థం, ఎనిమిది కిలోల పొడి బట్టలను ఉతకగలదు గానీ ఒక విడతలో ఐదు కిలోలనే ఆరబెట్టగలదని. తక్కిన మూడు కిలోలను, ఏ దండెం బాధ తప్పుతుందని యంత్రం కొన్నారో ఆ దండెం మీదే వేయాలి.

వీటిలో అధికభాగం కండెన్సర్ పద్ధతివి, అనగా బట్టల నుంచి లేచిన ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చి పారబోసేవి; అయితే ఆ చల్లార్చడానికి పలు నమూనాలు మళ్లీ కుళాయి నీటినే వాడతాయి కనుక, ట్యాంకరు కోసం కాచుకొని కూర్చునే అపార్ట్‌మెంటులో తడి ఆర్పడానికీ నీళ్లే ఖర్చవుతాయన్న శాస్త్రసత్యం గృహస్థుకు ఆలస్యంగా బోధపడుతుంది. హీట్ పంప్ రకం, అంటే అదే వేడిని తిప్పి తిప్పి వాడుకునేది, కరెంటు తక్కువ తాగుతుంది; ఆ పొదుపును ధరలో ముందే వసూలు చేస్తుంది.

బాల్కనీలో లుంగీ కనబడితే భవనం పరువు పోతుందని నోటీసు అంటించే సంక్షేమ సంఘాల ఏలుబడిలో ఉన్నవారికీ, ముసురు పట్టిన రోజుల్లో పసిబిడ్డల గుడ్డలతో సతమతమయ్యేవారికీ ఇది అక్కరకొచ్చే వస్తువేనని (వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ వేర్వేరుగా పెట్టుకునే చోటు లేకపోతేనే సుమా) ఒప్పుకోవాలి. కిక్కిరిసిన డ్రమ్ములో గంటల తరబడి దొర్లి బయటపడే కాటన్ చీర ముడతలను మాత్రం వీధి చివరి ఇస్త్రీ బండికే అప్పగించవలసి ఉన్నందున, ఈ కొనుగోలులో నికరంగా లాభపడేవాడు పైసా పెట్టని ఆ బండి యజమానే.