టర్బోను దింపే ముందు

టర్బో బూస్ట్ ప్రెషర్ సెన్సర్ అంటే డీజిల్ ఇంజను ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లోకో, ఇంటర్‌కూలర్ గొట్టంలోకో ముక్కు దూర్చి కూర్చునే చిన్న ప్లాస్టిక్ వస్తువు. దానిలోని సిలికాన్ పొర మీద గాలి ఒత్తిడి పడితే నిరోధం మారుతుంది. ఆ మార్పు వోల్టులుగా ఇంజనును నడిపే కంప్యూటరైన ఈసీయూకు చేరుతుంది. ఈసీయూ దాని మాట నమ్మి డీజిల్ పోస్తుంది. నమ్మకం సడలితే పోత తగ్గించి బండిని లింప్ మోడ్‌లోకి నెడుతుంది. ఇక ఘాట్ రోడ్డు మీద ఎక్కేది బండి కాదు, యజమాని బీపీ.

కోయంబత్తూరు తెలుగువారి షెడ్లలో ఈ జబ్బు కనిపెట్టడం కష్టం. కారణం చారిత్రకం. 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టి, 1920లో పొల్లాచ్చి–పళని బస్సు నడిపిన జి.డి. నాయుడు, కుర్రతనంలో హోటల్లో పనిచేసి కొన్న మోటారు సైకిలును ముక్కముక్కలుగా విప్పి మళ్ళీ బిగించాడని ప్రతీతి. విప్పే విద్య ఊరందరికీ అబ్బింది. బిగించే విద్య కొందరి దగ్గరే ఆగింది. అందుకే పికప్ తగ్గగానే "టర్బో పోయింది మామా, దింపేద్దాం" అన్న తీర్పు బానెట్ ఎత్తకముందే వెలువడుతుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడం ఇదే.

ముందు స్కానర్ పెట్టాలి. పీ 0237 అంటే సెన్సర్ సంకేతం మరీ తక్కువని, పీ 0238 అంటే మరీ ఎక్కువని. ఈ రెండింటికీ ముందుగా తీగల్ని, కనెక్టర్‌ని చూడాలి. పీ 0299 వస్తే ఒత్తిడి నిజంగానే చాలడం లేదేమో. అప్పుడు పగిలిన గొట్టాన్నీ వదులైన క్లిప్పునూ వెతకాలి. నిజం చెప్పిన సెన్సర్‌ని మార్చి లాభం లేదు.

తర్వాతిది అసలైన పరీక్ష. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. ఇక్కడే చుట్టాల మధ్య తగవు వస్తుంది. మధురైలో సుమారు 100 కిలోపాస్కల్స్ చూపిన బండి, పెళ్ళికని కోయంబత్తూరు రాగానే 96 దగ్గర ఆగుతుంది. "మీ ఊరి గాలే మంచిది కాదు బావా" అని మధురై పక్షం. గాలి తప్పేమీ లేదు, కోయంబత్తూరు సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. అదే బండి ఊటీలో 77 చూపినా సెన్సర్ నిర్దోషే. కోయంబత్తూరులో నిలబడి 140 అంటేనే అబద్ధం.

అబద్ధం తేలాక మల్టీమీటర్ తీయాలి. కనెక్టర్‌లో ఒక పిన్ను దగ్గర 5 వోల్టులు రావాలి, ఎర్త్ గట్టిగా ఉండాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు సిగ్నల్ చాలా మోడళ్ళలో 1, 2 వోల్టుల మధ్య ఉంటుంది. 5 వోల్టులే రాకపోతే కొత్త సెన్సర్ కూడా మూగదే. తీగలు బాగుంటే సెన్సర్ ఊడదీసి చూడాలి. ఈజీఆర్ గుండా తిరిగివచ్చే పొగ మసి, నూనె కలిసి దాని ముక్కు మూసేస్తాయి. ఎలక్ట్రానిక్ భాగాలకు వాడే స్ప్రేతో కడిగి ఆరనివ్వాలి. సూదితో కెలికితే పొర చిరిగి, అప్పటిదాకా లేని జబ్బు వస్తుంది.

కోడ్ చెరిపేసి మేట్టుపాళయం దాటి ఘాట్ ఎక్కిస్తూ, ఈసీయూ అడిగిన ఒత్తిడినీ సెన్సర్ చెప్పినదాన్నీ పక్కపక్కన చూడండి. రెండూ కలిసి నడిస్తే పని అయినట్టే. సెన్సర్ కొత్తదై, గొట్టాలు గట్టివై, అయినా కలవకపోతే అప్పుడు టర్బో దింపండి, ఎవరూ అడ్డుపడరు.