వీసాపద్యమునకు టీకాతాత్పర్యములు

మూలము

పత్రమొకటి తగ్గఁ బరదేశ మేగునా
కట్ట విప్పి చూడఁ గనులు లేవు
మూడు మాటలాడి ముగియించుఁ గార్యంబు
గాజుతెరకు నవలఁ గలదు విధియె

అవతారిక. పూర్వము సముద్రము దాటగోరినవాడు తిథిని, నావను, గాలివాలును విచారించుకొని బయలుదేరెడివాడు. మరలివచ్చిన పిదప, కులపెద్దలు పట్టుబట్టినచో, ప్రాయశ్చిత్తమును విచారించుకొనెడివాడు. మన కాలమున ఆ విచారమంతయు ప్రయాణమునకు ముందే, నేలమీదనే, ఒక గాజుపలక యెదుట నిలిచిన రెండు మూడు నిమిషములలో ముగిసిపోవుచున్నది గనుకను, ఆ నిమిషములకై ఒక్కొక్క యింట నెలల తరబడి జరుగు సన్నాహమునకు తగిన లక్షణగ్రంథ మింతవరకు నా కంటబడలేదు గనుకను, ఆటవెలది యగు నీ చిన్నపద్యమునకు వ్యాఖ్య వ్రాయ సాహసించుచున్నాను. కర్త తన పేరు బయటపెట్టుట కిష్టపడలేదు. కారణమడుగగా, తన దరఖాస్తు ఇంకను పరిశీలనలో నున్నదనియు, ఆ దశలో కవిత్వము క్షేమకరము కాదనియు సెలవిచ్చినాడు.

పద్యమున స్థలనామము లేదు. ఐనను ఇందు చెప్పబడినది అమెరికాకు చదువుకొనబోవు విద్యార్థి సంగతియే యనుటకు ముందు ముందు నిదర్శనములు కనబడును. ప్రాచీనులు ఇందుకై చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నపట్టణము చేరి, జెమినీ కూడలిలోని కాన్సులేటు యెదుట తెల్లవారకమునుపే నిలిచెడివారు. 2009లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌నందు వీసాల జారీ మొదలైన తరువాత ఆ తీర్థయాత్ర తగ్గినది. 2023 మార్చిలో కార్యాలయము నానక్‌రాంగూడకు తరలినది. నవాబుల మహలులో తిరస్కరింపబడుటకును, కొత్త కట్టడములో తిరస్కరింపబడుటకును భేదమున్నదా యని నే నడిగినవారిలో ఒక పెద్దమనిషి, ఉన్నది, మహలులో చెట్లుండెడివి, అన్నాడు.

టీక. పత్రము = కాగితము; ఒకటి తగ్గన్ = ఒక్కటి తక్కువైనచో; పరదేశము = అన్యదేశమునకు; ఏగునా = పోవునా, పోడని భావము. ఇంతవరకు బాలురకును తెలియును. ఆ పత్రములెట్టివో చెప్పవలసి యున్నది.

అన్నింటికిని ఆద్యమైనది డీఎస్-160 అను ప్రశ్నావళి. దీనిని కంప్యూటరు తెరమీదనే నింపవలెను. ఇరువది నిమిషములు చేయి కదపకుండిన అది తనంత తాను మూసికొనిపోవును గనుక, తండ్రిగారి పుట్టినతేదీ యడుగుటకు పక్కగదికి పోయినవాడు త్వరగా రావలెను. ఆ తేదీ విషయమున ఒక చిక్కు కలదు. వారు పుట్టినది ఏదో వరదల యేడు. బడిలో చేర్చునాడు పంతులుగారు తమకు తోచిన తేదీ వేసినారు. ఏబదియేండ్లుగా ఎవరికిని అక్కరలేని ఆ తేదీ ఇప్పుడు అగ్రరాజ్యమునకు కావలసివచ్చినది. ఇట్టి గృహ్యవిషయములు అడిగినంతలోనే ఆ ప్రశ్నావళి స్వరము మార్చి, నీవు ఉగ్రవాద కార్యములు చేయదలచితివా, మారణహోమమున పాల్గొంటివా, అణ్వస్త్రముల విషయమున ప్రత్యేకశిక్షణ యేమైన పొందితివా యని యడుగును. వీటికి ఔనని వ్రాయునంతటి సత్యసంధుడు లోకమున నుండునా యని శిష్యులు శంకింతురు. ఉండనక్కరలేదు. కాదని వ్రాసినవాడు పిదప అబద్ధమాడినట్లు తేలినచో, చేసిన పని కోర్టులో నేరముగా ఋజువు గాకున్నను, ఆ అబద్ధమొక్కటియే వానిని బయటికి పంపుటకు చాలును. కావున ప్రశ్న నిరర్థకము కాదని గ్రహించునది.

పేరుగడి తెలుగువారికి ప్రత్యేకసంకటము. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాస్‌పోర్టు నింపిన ఏజెంటు తొందరలో నుండి రెంటిని కలిపి ఒకే గడిలో వేసి, ఇంటిపేరు గడిని ఖాళీగా వదలినచో, అమెరికావారు ఆ మొత్తమును ఇంటిపేరుగా స్వీకరించి, సొంతపేరు తెలియదను నర్థమున ఎఫ్ఎన్‌యూ అను మూడక్షరములు చేర్తురు. తాతపేరు నిలుపవలెనని, నక్షత్రము చూపించి, బియ్యములో వ్రాయించి పెట్టిన పేరు అట్లు మాయమైపోయి, అక్కడి బ్యాంకువాడును ఇంటి యజమానియు ఆ కుమారరత్నమును ఎఫ్ఎన్‌యూ గారూ యని పిలుచుట మొదలుపెట్టుదురు.

తక్కిన పత్రములను త్వరగా చెప్పి ముగింతును. విశ్వవిద్యాలయము పంపు ఐ-20 అను అర్హతాపత్రము. దానిననుసరించి చెల్లించు 350 డాలర్ల సెవిస్ అను విద్యార్థినమోదు రుసుము రసీదు. 185 డాలర్ల వీసా రుసుము రసీదు, ఇది ఫలమెట్లున్నను తిరిగిరాదు. రెండంగుళముల చదరపు ఫోటో, తెల్లని వెనుకతట్టు, 2016 నవంబరు నుండి కళ్లజోడు నిషిద్ధము. హైటెక్ సిటీ మెట్రో స్టేషను క్రింద పది వ్రేళ్ల ముద్రలు ముందుగా నిచ్చి రావలెను. ఇవన్నియు ఒక యెత్తు. ధనపత్రములు ఒక యెత్తు. విద్యారుణము మంజూరైనట్లు బ్యాంకులేఖ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మూడేండ్ల ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులు, పట్టాదారు పాసుపుస్తకము, ఆస్తి విలువ నిర్ధారించు సీఏ సర్టిఫికెట్టు, ఇన్నింటిని కలిపి ఫండ్స్ చూపించుట యందురు. చూపించుట యనుమాట మిక్కిలి సార్థకము. కొన్ని యిండ్ల ఖాతాలలో బావమరిది సొమ్ము నెలనాళ్లు మజిలీ చేసి, బ్యాలెన్సు కాగితముపై ముద్ర పడిన మరునాడు తన యింటికి తాను పోవును. చూచువారికి ఈ విద్య క్రొత్త కాదు.

ఒకటి తగ్గన్ అనగా ఏది తగ్గినచో అని ప్రశ్న. సంప్రదాయజ్ఞుల నిర్ణయము: ఇంటివద్ద మరచిపోయినది ఏదో అదియే.

కట్ట = పైన చెప్పిన పత్రముల మూట; విప్పి చూడన్ = తెరచి చూచుటకు; కనులు లేవు = చూపు లేదు. ఎవరికనగా, అధికారికి. ఇచ్చట "కట్ట విప్పి చూడ వేళ లేదు" అని పాఠాంతరము వినబడుచున్నది. ప్రొద్దున నుండి వందలమందిని పలుకరించు ఉద్యోగికి కనులు లేవనుటకంటె వేళ లేదనుట న్యాయమే; కాని అందు యతి చెడుచున్నది, ఛందస్సు న్యాయమును లెక్కపెట్టదు, కావున ఆ పాఠము త్యాజ్యము. ఇంతకును కనులు బొత్తిగా లేవనుటయు సరికాదు. 2019 నుండి డీఎస్-160 దరఖాస్తుదారుడు అయిదేండ్లలో వాడిన సామాజిక మాధ్యమముల ఖాతాల పేర్లు అడుగుచున్నది. 2025 జూన్‌లో విద్యార్థులు ఆ ఖాతాలను అందరికి కనబడునట్లు తెరచి యుంచవలెనని ఉత్తరువైనది. తండ్రి ఋణము చేసి, తిరిగి తిరిగి సంపాదించిన సంతకముల కట్టకు లేని చూపు, కుమారుడు రాత్రివేళ ఊరక పెట్టిన పోస్టులకు ఉన్నదని కవిహృదయము. ఇట్లు విశేషించి చెప్పుకొననిచో ద్వితీయపాదము పేలవమగును.

మరి చూడని కట్టను ఇంత శ్రద్ధగా కట్టుటెందులకు? చూపక పోయినను అడిగినచో నుండవలెనని కన్సల్టెన్సీవారు చెప్పుదురు. అది సత్యమే, కాని సంపూర్ణసత్యము కాదు. లోనికి దరఖాస్తుదారు డొక్కడే పోవలెను, ఫోనుకూడ పోరాదు, తల్లిదండ్రులు రోడ్డువార నిలిచిపోవలెను. పిల్లవాని మాటలో, వాని మార్కులలో, ఆ అధికారి చిత్తములో తండ్రికి ప్రవేశము లేదు. ఆయన చేయగలిగినది తహసీలుదారు కార్యాలయమునకును బ్యాంకునకును తిరుగుట, జిరాక్సు తీయించుట, ప్లాస్టిక్ కవరులకు చీటీలంటించుట. కావున ఆ కట్ట అధికారికొరకు కూర్చబడిన గ్రంథముగా పైకి కనబడినను, దానికి కర్తయు శ్రోతయు తండ్రియే యని నా యభిప్రాయము. ఇది మూలమున లేదు. వ్యాఖ్యాతకు ఆపాటి స్వాతంత్ర్యము కలదు.

మూడు మాటలు = వై దిస్ యూనివర్సిటీ, హూ ఈజ్ స్పాన్సరింగ్ యూ, వాట్ ఆర్ యువర్ ప్లాన్స్ ఆఫ్టర్ గ్రాడ్యుయేషన్ అనునవి. మూడే యని నియమము లేదు, ఉపలక్షణముగా గ్రహింపవలెను. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గురుకులములలో వీటికి సమాధానములు మాక్ ఇంటర్వ్యూ అను పేర వల్లె వేయింతురు. ఇంటివద్ద అక్క అధికారి వేషము ధరించి, వంటింటి కిటికీకి అవతల నిలిచి, "ఏరా, వై దిస్ యూనివర్సిటీ? నసగక చెప్పు" అని గద్దించును; తమ్ముడు చేతులు కట్టుకొని, అక్కడి ఫ్యాకల్టీ, అక్కడి కరిక్యులమ్, అక్కడి రీసెర్చి అని త్రయమును అప్పగించును. ఒకే గురువునొద్ద నేర్చినవారు ఒకే ఉదయమున ఒకే వరుసలో నిలుచుటవలన, కాన్సులేటు కిటికీ వెనుకనున్నవాడు పది గంటలలోపల అదే ఫ్యాకల్టీని, అదే కరిక్యులమును అనేకవిశ్వవిద్యాలయముల పేర పదేపదే వినుచుండును. ఇంత పరిపూర్ణముగా చెప్పినవానిని కాక, కొంచెము తడబడి, ఫీజు తక్కువ, మా అన్న స్నేహితుడు అక్కడ చదివినాడు, అని నిజము చెప్పినవానిని అతడు నమ్మినచో తప్పు పట్టజాలము.

ఇక చతుర్థపాదము. గాజుతెరకున్ అవలన్ = అద్దపు కౌంటరు వెనుక; విధియె = దైవమే; కలదు = ఉన్నది. ఇచ్చట పూర్వపక్షి లేచి, అధికారి చదువుకొన్న మనుష్యుడు, చట్టము ననుసరించువాడు, వానిని విధి యనుట అతిశయోక్తి గదా యనును. సమాధానము చట్టములోనే యున్నది. 1952 నాటి అమెరికా వలసచట్టమున 214(బి) అను విభాగము కలదు. దాని సారమేమనగా, విద్యార్థివలె తాత్కాలికముగా పోయివత్తునను ప్రతివాడును అచ్చటనే స్థిరపడదలచినవాడని ముందుగా భావింపబడును. అట్లు కాదని అధికారికి తృప్తి కలుగునట్లు నిరూపించు భారము దరఖాస్తుదారునిది. దొంగ దొంగ యని ఋజువగువరకు దొర యనుట సాధారణధర్మము. ఇచ్చట దొర తాను దొరనని ఋజువు చేసికొనువరకు దొంగయే.

మన తార్కికులు చూచినచో దీనియందు ఎంత రసము పిండెడివారో. నిరూపింపవలసినది ఒక భావమునకు అభావము. అదియు అన్యుని మనస్సులోని అభావము. అభావము నాలుగు తెరగులని శాస్త్రము: ఇంకను పుట్టకపోవుట ప్రాగభావము, పుట్టి నశించుట ప్రధ్వంసాభావము, ఒకటి మరియొకటి కాకుండుట అన్యోన్యాభావము, మూడుకాలములందును లేకుండుట అత్యంతాభావము. అధికారి కోరునది స్థిరపడు కోరికయొక్క అత్యంతాభావము. ఇరువదిరెండేండ్ల పిల్లవానియందు, విమానము లోపలిభాగమునైన చూడని వానియందు, మిక్కిలి తరచినను దొరకునది ప్రాగభావము మాత్రమే. దానిని అత్యంతాభావమని ప్రమాణము చేయుమనుట వానిచేత అసత్యము పలికించుట కాకున్నను, సత్యమునకు వయసు చాలకముందే దాని సాక్ష్యము తీసికొనుట. పైగా అదే ప్రభుత్వము చదువు ముగిసినవానికి పండ్రెండు నెలలు ఉద్యోగము చేసికొమ్మని ఓపీటీ యను వెసులుబాటు నిచ్చి, సాంకేతికశాస్త్రముల వారికి మరి యిరువదినాలుగు నెలలు పొడిగించుచున్నది. ఇచ్చటి బ్యాంకు ఆ జీతమును తలచుకొనియే లక్షల ఋణమిచ్చుచున్నది. తిరిగి వత్తునని కిటికీవద్ద చెప్పవలెను. వెంటనే తిరిగిరానని బ్యాంకునకు తోపవలెను. ఒకే ముఖముతో రెండును చేయుట పిల్లవాని ప్రజ్ఞకు తొలిపరీక్ష. దీనికి సిలబస్ లేదు.

విధి యనుటకు మరియొక హేతువు. తీర్పుపై అప్పీలు లేదు. అచ్చటి న్యాయస్థానములును సాధారణముగా కాన్సులరు నిర్ణయములలో జోక్యము చేసికొనవు. పాస్‌పోర్టును అధికారి తనయొద్ద నుంచుకొన్నచో ప్రసాదము. ఒక చీటీ జతచేసి వెనుకకు ఇచ్చినచో 214(బి). మరల దరఖాస్తు పెట్టవచ్చును, మరల రుసుము కట్టవలెను, ఇంటర్వ్యూ స్లాటు కొరకు మరల రాత్రులు మేలుకొనవలెను.

విధికి ప్రతిక్రియ దైవమే గనుక, గండిపేట చెరువునకు సమీపమున చిలుకూరు బాలాజీ వెలసియున్నాడు. కోరిక విన్నవించుకొనునాడు పదునొకండు ప్రదక్షిణములు, నెరవేరిన పిదప నూటయెనిమిది. ఇచ్చట హుండీ లేదు. రుసుము ముందే పుచ్చుకొని తిరిగియీయని కార్యాలయమును చూచి వచ్చినవారికి, ఫలము చేతికందిన పిదపనే తక్కిన ప్రదక్షిణములు చాలునను ఈ దైవము మిక్కిలి మర్యాదస్థుడుగా తోచుటలో ఆశ్చర్యము లేదు.

అలంకారము: కట్ట పెద్దది, మాటలు మూడు, కావున విషమము. పద్యమున ముగియించు క్రియకు కర్తృపదము లేదు. ముగియించునది ఎవరో కవి చెప్పడు. దీనిని దోషముగా కొందరెన్నిరి. వరుసలో నిలిచిన వారెవ్వరును ఎన్నలేదు.

తాత్పర్యము. కాగితములన్నియు తీసికొనిపొమ్ము, అడిగినదానికి మాత్రము బదులు చెప్పుము.

శేషము. వీసా పడినవాడు కట్టను అటకపై పడవేయరాదు. వీసా తలుపు తట్టుటకు అనుమతియే గాని లోనికి పిలుపు కాదు. రానిచ్చుటయు మానుటయు అచ్చటి విమానాశ్రయమున నిలిచిన మరియొక యధికారి చేతిలోనిది. ఆయన మాత్రము ఐ-20ని తీయించి చదువును. కావున అది చేతిసంచిలో నుండవలెను. ఆవకాయ పెట్టెలోనికి పోవచ్చును.