మా బావగారి ఒకటో నంబరు

మార్చి వస్తే మన ఇళ్ళలో పిల్లల పరీక్షలూ మామిడి పిందెలూ తప్ప వేరే మాటుండదు. ఇండియానాపొలిస్ శివార్లలో ఉన్న మా అక్కావాళ్ళింట్లో మాత్రం నెలంతా ఒకటే ప్రశ్న: "ఈసారి మిస్టర్ బాస్కెట్‌బాల్ ఎవడు?" అడిగేది మా బావ. జవాబు చెప్పేదీ ఆయనే. కాదని ఆ జవాబుతో పోట్లాడేదీ ఆయనే. మా అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇండియానా రాష్ట్రం మొత్తమ్మీద హైస్కూలు కుర్రాళ్ళలో మేటి ఆటగాడెవరో తేల్చి ఏటా ఒకరికి ఇచ్చే బిరుదు ఇది. 1939లో మొదలైంది. బిరుదు దక్కినవాడు ఆ వేసవిలో పక్క రాష్ట్రం కెంటకీ మీద ఆడే రాష్ట్ర జట్టులో ఒకటో నంబరు బనీను తొడుక్కుంటాడు. అంతే. సన్మానసభలో ఇంటిస్థలం ప్రకటించే మంత్రిగారెవరూ రారు. అయినా ఆ ఒక్క అంకె కోసం ఊళ్ళకు ఊళ్ళు మాట్లాడుకోవడం మానేస్తాయి.

ఇంతకీ మా బావ ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. బంతాటలో ఆయన అనుభవం అంతా ప్రేక్షకుడిగానే. గురి సంగతంటారా, పెళ్ళిలో తలంబ్రాలు పోయమంటే దోసిలెత్తి పురోహితుడి నెత్తిన పోశాడు. ఫొటో ఉంది.

ఆయన అక్కడికి వెళ్ళింది 1998లో, కంప్యూటర్లకు 2000 సంవత్సరం గండం ఉందని మనవాళ్ళు విమానాలకు విమానాలు ఎక్కిన రోజుల్లో. మొదటి చలికాలం, ఒంటరి బతుకు, చారూ అన్నం. పక్క వాటాలో ఉండే పెద్దాయన జాలిపడి ఓ శుక్రవారం రాత్రి బడిపిల్లల ఆటకు తీసుకెళ్ళాడట. తణుకులో తిరునాళ్ళ తర్వాత అంత జనాన్ని ఒక్కచోట చూడటం అదే మొదలట. అక్కడ బడి ఆట అంటే అంతే మరి. న్యూ క్యాసిల్ అనే ఊళ్ళో జనాభా 20,000 దాటదు, హైస్కూలు జిమ్ములో మాత్రం దాదాపు 8,000 మంది కూర్చోవచ్చు. ఆ రాత్రి అంటుకున్నది ఇవాళ్టికీ దిగలేదు.

కార్పొరేట్ కాలేజీ ప్రకటనల్లో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదువుతారు చూడండి, మా బావ ఆ బాణీలో విజేతల్ని అప్పజెబుతాడు. "1939 జార్జ్ క్రో, 1954 బాబీ ప్లంప్, 1956 ఆస్కార్ రాబర్ట్‌సన్, 1961 వాన్ ఆర్స్‌డేల్ కవలలు, 1973 కెంట్ బెన్సన్, 1983 స్టీవ్ ఆల్‌ఫర్డ్..." జెల్లర్ల దగ్గరికొచ్చేసరికి గొంతు వణుకుతుంది. "ఒకే ఇంట్లో ముగ్గురోయ్! 2005లో పెద్దాడు, 2008లో రెండోవాడు, 2011లో మూడోవాడు. ఆ తల్లి ఏం పెట్టి పెంచిందో!" మా అక్క చెయ్యి ఆగుతుంది. పక్కగదిలో వయొలిన్ సాధన చేస్తున్న మా మేనల్లుడూ ఆపేస్తాడు.

1961 కవలల మీద ఆయనకు ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఇద్దరికీ కలిపి ఇచ్చారు కదా, విడదీసి ఒకడికిస్తే ఇంటికెళ్ళాక ఆ తల్లి అన్నం ఎవరికి ముందు వడ్డించాలి? ఓట్లేసినవాళ్ళు సంసారపక్షంగా ఆలోచించారట.

ఇండియా నుంచి కొత్తగా దిగిన కుర్రాళ్ళెవరైనా భోజనానికి వస్తే ముందు గోంగూర, తర్వాత పరీక్ష. "ఏమోయ్, లారీ బర్డ్ పేరు విన్నావా? ఆయనది ఈ రాష్ట్రమే. మరి ఏ సంవత్సరం మిస్టర్ బాస్కెట్‌బాల్ అయ్యాడు?" కుర్రాడు ముద్ద చేతిలో పట్టుకుని ఏదో ఒక సంవత్సరం చెబుతాడు. బావ కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపి, "అవలేదు!" అంటాడు. 1974లో కూడా ఇద్దరికి పంచారు. ఆ ఇద్దరిలోనూ బర్డ్ లేడు. "సగం కూడా ఇవ్వలేదోయ్! తర్వాత ఎన్‌బీఏలో 1984, 85, 86, వరసగా మూడేళ్ళు ఆయనే మేటి. మరి ఇక్కడ?" అని ఆ కుర్రాడే ఓటు వెయ్యనట్టు నిలదీస్తాడు. చాలామంది పెరుగన్నం దాకా రాకుండానే లేచిపోయారు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది ఆయన "మనం". "1990లో డామన్ బైలీని చూడ్డానికి 41,046 మంది వచ్చారోయ్, బడిపిల్లల ఆటకి! చివర్లో వరసగా పదకొండు పాయింట్లు వాడే వేశాడు. మనం గెలిచేశాం!" 1990 మార్చిలో మనం తణుకులో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాస్తున్నాం. గెలవడం మాట అటుంచి, మనకు ఫిజిక్స్ పోయింది. రాష్ట్రంలోని బడులన్నీ చిన్నాపెద్దా తేడా లేకుండా ఒకే పోటీలో తలపడే పాత పద్ధతి 1997తో ఆగిపోయింది, ఆయన దిగడానికి ఏడాది ముందు. కంటితో చూడని ఆ పోటీ గురించి, తాతగారి పదెకరాలు దాయాదులు కాజేసినట్టు ఇప్పటికీ కుమిలిపోతాడు. "మా రోజుల్లో అలా ఉండేది కాదు" అని కూడా అంటాడు.

ఆ పాత పద్ధతికి తలమానికం మైలన్. 161 మంది పిల్లలున్న పల్లెటూరి బడి 1954 ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని 32-30తో ఓడించింది. 1986లో వచ్చిన హూజియర్స్ సినిమాకి ప్రేరణ అదే. చివరి అంకంలో బాబీ ప్లంప్ బంతి పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా కదలకుండా నిలబడి, ఆఖరి క్షణాల్లో బుట్టలో వేశాడు. పచ్చడికి కొబ్బరికాయ కొట్టిపెట్టమని అక్క చేతికిస్తే, బావ దాన్ని రెండు చేతులా పట్టుకుని వంటింటి మధ్య అలాగే నిలబడి నాకా ఘట్టం చూపించాడు. పొయ్యి మీద పోపు మాడింది. "అతను చివరికి వేశాడు కదా, మీరు కనీసం కొట్టండి" అంది అక్క.

నేను మూడు వారాలుండి రావడానికని ఆ మార్చిలోనే వెళ్ళాను. చికాగో చూడాలని నా కోరిక. "చికాగోలో ఏముందోయ్, మేడలు" అని తేల్చేసి, సెక్షనల్, రీజినల్, సెమీస్టేట్ అంటూ వారానికో జిమ్ము తిప్పాడు. చలి, చెక్క బల్లలు, అక్క కట్టిచ్చిన పులిహోర. నేను చూసిన అమెరికా అదే. ఒక మధ్యాహ్నం బట్లర్ విశ్వవిద్యాలయం ఆవరణలోని హింకిల్ ఫీల్డ్‌హౌస్‌కి తీసుకెళ్ళాడు. 1928లో కట్టింది. మైలన్ గెలిచింది అందులోనే. అప్పుడు లోపల ఎవరూ లేరు. పైకిటికీల నుంచి ఎండ నేల మీద పడుతోంది. బావ చెప్పులు విప్పలేదు గానీ, విప్పినంత పని చేశాడు. ప్లంప్ బంతి వేసిన చోటు ఇదీ అని ఒక దిక్కు చూపించి, నిలబడి, లేని బంతిని పట్టుకుని ఎగిరాడు. ఓ మూడంగుళాలు లేచాడు. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. నా భుజం పట్టుకుని, "పడింది చూశావా?" అన్నాడు. పడిందన్నాను. ఇంకేమంటాం?

అదేరోజు కారులో ఆస్కార్ రాబర్ట్‌సన్ సంగతి చెప్పాడు. ఆయన చదివిన క్రిస్పస్ ఆటక్స్, నల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడానికని 1927లో తెరిచిన బడి. 1955లో ఆ బడి రాష్ట్ర విజేత అయింది. గెలిచినవాళ్ళు నగరం నడిబొడ్డున సంబరం చేసుకోవడం ఆనవాయితీ. ఈ పిల్లల్ని మాత్రం అక్కడ ఎక్కువసేపు ఆగనివ్వకుండా నల్లవాళ్ళ పేటలోని పార్కుకి తరలించారు. మరుసటేడు ఒక్క ఆటా ఓడిపోకుండా మళ్ళీ గెలిచారు, రాబర్ట్‌సన్‌కి బిరుదు కూడా వచ్చింది. "ఒకటో నంబరు ఇచ్చారు, ఊరి మధ్య నిలబడనివ్వలేదోయ్" అన్నాడు బావ. తర్వాత ఇల్లు చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండగలడని నాకు అప్పుడే తెలిసింది.

అక్కకీ తన వాటా గొడవ ఒకటుంది. ఆడపిల్లలకి మిస్ బాస్కెట్‌బాల్ మొదలైంది 1976లో, వార్సా ఊరి జూడీ వారెన్‌తో. "ముప్ఫై ఏడేళ్ళు ఆలస్యంగానా?" అని ఏటా ఒకసారి అడుగుతుంది. ఆ ఏర్పాటు చేసింది తానేనన్నట్టు బావ తల దించుకుంటాడు.

గరాజు పక్కన ఒక స్తంభం, దానికో బుట్ట. మేనల్లుడు పుట్టిన ఏడాదే పాతించాడు. వాడు వయొలిన్ వైపు వెళ్ళాక అక్క ఆ స్తంభం మొదట్లో ఆనప విత్తనాలు పెట్టింది. వేసవిలో తీగ పైదాకా పాకి, ఓ కాయ రింగులోంచి కిందికి వేలాడిందట. బావ ఫొటో తీసి పంపాడు. "మా ఇంట్లో బుట్టలో పడిన మొదటి బంతి" అని కింద రాశాడు. ఇలాంటి మనిషి మీద ఎంతసేపని కోపం నిలుస్తుంది?

అసలు ఆయన్ని ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికవాళ్ళ సంక్రాంతి కథల పోటీకి నేనూ ఓ కథ పంపాను. ఫలితాల పేజీలో మొదటి, రెండవ, మూడవ బహుమతులు, పది కన్సొలేషన్లు దాటుకుని అట్టడుగున "సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలు" అనే వరసలో, పదిహేడో పేరు నాది. ఇంటిపేరు తప్పు పడింది. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. బహుమతులు వచ్చిన పదమూడు కథల పేర్లూ నాకు వరసగా వచ్చు. ఎక్కడ ఆపినా మళ్ళీ అందుకోగలను, బావలాగే.

తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి నోరు జారాను. బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. "పదిహేడోదా? సాధారణ ప్రచురణా?" అని నా భుజం మీద ఎడమచెయ్యి వేసి, కళ్ళు చెమర్చుకుని, "నీది లారీ బర్డ్ కేసోయ్ బావమరిదీ!" అన్నాడు. పదహారేళ్ళ మంట ఒక్క మాటతో చల్లారింది. నాకోసం ఇంత అన్యాయంగా వాదించినవాళ్ళు ఎవరూ లేరు.

అక్క మజ్జిగ పోస్తూ అంది: "బర్డ్ ఆ తర్వాత ఆడాడురా. నువ్వు మళ్ళీ ఏం రాశావు?"

అందుకే ఇది రాశాను. ఇంటిపేరు సరిగ్గా పడితే చాలు.