అందరికీ సమానంగా, మనకి కొంచెం ముందుగా

కొత్తగా స్థాయీ సంఘానికి ఎన్నికైన కార్పొరేటరు గారికి అభినందనలు. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో వార్డులు 98. అంతమంది కార్పొరేటర్లలోంచి ఏటా పదిమంది మాత్రమే ఈ సంఘంలోకి వస్తారు. మేయరు గారు అధ్యక్ష స్థానంలో కూర్చుంటారు. మీ చేతులు లేస్తేగాని కదలని కాగితాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. చెయ్యెత్తడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎప్పుడెత్తాలి, ఎత్తాక ఏమనాలి, ఎత్తకుండా ఎలా తప్పించుకోవాలి అన్న వాటికే ఈ సూచనలు. రాస్తున్నవాడికి ఏ అర్హత ఉందంటారా? మా అపార్ట్‌మెంటు సంఘంలో కమిటీ సభ్యుణ్ని. అది చాలదనుకుంటే చివరిదాకా చదవండి.

ముందుగా, అజెండా చదవకండి. అది లావుగా ఉంటుంది, ఇంటికే వస్తుంది. అందులో మీ వార్డు నంబరు వెతకండి. దొరికితే ఆ పేజీ మూల మడవండి. ఈసారి అజెండా పారదర్శకంగా తయారైందని అర్థం. దొరక్కపోతే మొత్తం అజెండాలో అక్రమాలు జరిగినట్టు.

ఎస్టిమేటు గురించి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "పని ఎప్పుడు మొదలెడతారు?" యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పైపు వేయాల్సిన వీధిలో ముందే సీసీ రోడ్డు ఎందుకేస్తున్నారని మాత్రం అడక్కండి. అడిగితే ఇంజినీర్లలో ఏఈ గారు డీఈ గారి వైపు, డీఈ గారు ఈఈ గారి వైపు చూస్తారు. ఈఈ గారు, అది వేరే విభాగమండీ అంటారు. ఆయన చెప్పేది నిజమే. రోడ్డు ఒక విభాగానిది, పైపు ఇంకో విభాగానిది, దుమ్ము మాత్రం మనది.

పెద్ద పనిని ఎప్పుడూ ఒక్క పనిగా పెట్టకండి. ఖర్చు ఒక హద్దు దాటితే కమిషనరు అధికారం చాలదు, ఇంకో హద్దు దాటితే మీ సంఘం చాలదు, కౌన్సిల్‌కి వెళ్లాలి, ఆపైన ప్రభుత్వానికి వెళ్లాలి. అందుకే ఒకే రోడ్డు "రామాలయం నుంచి కిరాణా కొట్టు వరకు" అనీ, "కిరాణా కొట్టు నుంచి నీళ్ల ట్యాంకు వరకు" అనీ రెండు పనులుగా పుడుతుంది. ఆ కిరాణా కొట్టు యజమానికి తన కొట్టు ఇంత కీలకమైన సరిహద్దు అని తెలీదు పాపం.

ఇక అసలు కిటుకు చెబుతాను. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకండి. సమానంగా పంచండి. వార్డుకింత అని ఒక అంకె చెప్పి, 98తో హెచ్చవేసి, ఆమోదం అనేయండి. అధికారపక్షం బల్లలు చరుస్తుంది. ప్రతిపక్షం కూడా చరుస్తుంది, ఎందుకంటే వాళ్లకీ అంతే వచ్చింది. మర్నాడు పేపర్లో "వివక్ష లేకుండా నిధులు" అని పడుతుంది. న్యాయం ఇంత తేలిగ్గా, కాలిక్యులేటరు మీద దొరికే చోటు ఇంకోటి లేదు.

దీనిలో గొప్పతనం ఏమిటంటే ఎవరూ ఎక్కడికీ వెళ్లి చూడక్కర్లేదు. విశాఖలో సముద్రం వైపు చదునుగా ఉండే వార్డులున్నాయి, కొండవాలు పేటలున్న వార్డులున్నాయి. కొండమీద ఇంటికి నీళ్లు వాటంతటవి ఎక్కవు, పంపు కావాలి. చెత్తబండి ఎక్కదు, అంబులెన్సు ఎక్కదు. మెట్లు కావాలి, మెట్ల పక్కన కాలువ కావాలి, ఆ పైన మట్టి జారకుండా రక్షణ గోడ కావాలి. ఒక్క గోడకే వార్డు వాటా అయిపోవచ్చు, చాలకపోవచ్చు కూడా. ఈ ఏడాది సగం, వచ్చే ఏడాది సగం కడదామంటే సగం గోడ కొండను సగం ఆపదు. అటు చదును వార్డుకీ అంతే డబ్బు వచ్చింది. అక్కడ రోడ్లున్నాయి, దీపాలున్నాయి, పార్కులో వ్యాయామ పరికరాలు కూడా ఉన్నాయి. మార్చి 31 దగ్గరపడుతోంది, ఖర్చు కాకపోతే పోతుందన్న భయం. అందుకని బాగున్న పేవ్‌మెంటు టైల్స్ తీసి ఇంకో రంగువి వేస్తారు. కొత్తవి కూడా బాగానే ఉంటాయి. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరికీ అన్యాయం జరగలేదు, రికార్డు ప్రకారం.

బ్రెజిల్లో పోర్టో అలెగ్రె అని ఒక నగరం ఉంది. 1989లో అక్కడ నగర ఖర్చు మీద జనాన్నే కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టారు. నగరాన్ని 16 ప్రాంతాలుగా విడదీసి, ఎక్కడ జనం ఎక్కువ, ఎక్కడ వసతులు తక్కువ, అక్కడివాళ్లు దేన్ని ముందు అడుగుతున్నారు అని చూసి మార్కులు వేసేవారు. వసతి తక్కువైతే మార్కు ఎక్కువ, మార్కు ఎక్కువైతే డబ్బు ఎక్కువ. దయచేసి ఈ సంగతి మీ వార్డులో ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా మీది చదును వార్డయితే.

నవ్వొచ్చిందా? నాకు రాలేదు, ఎందుకంటే మా అపార్ట్‌మెంటులో ఎడతెగని తగువు ఒకటుంది: మెయింటెనెన్సు ఫ్లాటుకింత కట్టాలా, చదరపు అడుగుకింత కట్టాలా? మాది మూడు పడగ్గదుల ఫ్లాటు. కాబట్టి మనుషులంతా సమానమనీ, ఫ్లాటుకింత అన్నదే ప్రజాస్వామ్యమనీ నేను గట్టిగా నమ్ముతాను. లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎవరు ఎంత వాడుకుంటే అంత కట్టాలన్నది నాకు న్యాయంగా తోచింది. మేముండేది మొదటి అంతస్తు. మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిదని కూడా ఆ మీటింగులోనే చెప్పాను. పై అంతస్తు మాస్టారు "మరి సమానత్వం ఏమైంది బాబూ?" అన్నారు. రెండు సందర్భాలూ వేరండీ అన్నాను. ఇందులో నటన లేదు. రెండుసార్లూ మనస్ఫూర్తిగానే నమ్మాను. ముందు లెక్క తేలింది, దాని వెనకే సూత్రం వచ్చింది, వచ్చాక అది మొదటినుంచీ నాదే అనిపించింది. కమిటీల మీద కోపం వచ్చినప్పుడల్లా ఇదే గుర్తొచ్చి ఆ కోపం కాస్తా నీరుగారిపోతుంది.

సరే, మళ్లీ సూచనల్లోకి.

ఇష్టం లేని పనికి "వద్దు" అనకండి. "వాయిదా" అనండి. వద్దంటే శత్రువు పుడతాడు, వాయిదా అంటే ఆశ పుడుతుంది. వాయిదా మరీ మొరటుగా అనిపిస్తే "క్షేత్రస్థాయి పరిశీలన" అనండి.

"ఈ నిధులు దానికి వాడకూడదండీ" అన్న మాట నేర్చుకోండి. ఇది చాలాసార్లు నిజం కూడా. 15వ ఆర్థిక సంఘం పది లక్షల జనాభా దాటిన నగరాలకు సిఫారసు చేసిన సొమ్మును గాలి నాణ్యతకీ, నీటికీ, చెత్తకీ ముందే ముడివేసింది. ఆ ముడి మంచిదే. మీకు ఇష్టమైన పని వచ్చినప్పుడు జనరల్ ఫండ్ ఒకటుందని గుర్తు తెచ్చుకుంటే చాలు.

మంజూరు వేరు, డబ్బు వేరు. మంజూరైందని మీరు పాలాభిషేకం చేయించుకున్నాక టెండరుకి ఒక్కరూ రాకపోవచ్చు, పాత బిల్లులు అందని కాంట్రాక్టరు కొత్త పనికి ఎందుకొస్తాడు? అయినా పాలాభిషేకం వెనక్కి తీసుకోరు కాబట్టి అది ముందే కానిచ్చేయండి.

శిలాఫలకం మీద ఎవరి పేరు ఎవరి పైన ఉండాలన్న చర్చకి తొందర పడకండి. గెడ్డ పూడిక తీత ఒక్క మాటలో ఆమోదం పొందినా ఫరవాలేదు, ప్రొటోకాల్ మాత్రం నింపాదిగా తేలాలి.

విజ్ఞాన యాత్రకి తప్పక వెళ్లండి. ఇతర నగరాల్లో చెత్త ఎలా ఎత్తుతారో చూడాలి. మన ఊళ్లో ఎలా ఎత్తుతారో చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి.

వార్డు కమిటీల గురించి కంగారు పడకండి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. ఉండాలని అంది గాని, వాటి మాట వినాలని అనలేదు.

సోమవారం అర్జీలతో వచ్చేవాళ్లని కూర్చోబెట్టండి. వీలైతే మంచినీళ్లిప్పించండి. అర్జీ మీద తారీఖు వేసి సంబంధిత శాఖకి రాసేయండి. వాళ్లు మళ్లీ వస్తే అదే అర్జీ కాదు, కొత్త అర్జీ. ఇంకా వినకపోతే జీవీఎంసీ ఎదురుగా గాంధీ విగ్రహం ఉంది. ఊళ్లో ప్రతి ధర్నాకీ అలవాటైన చోటే అది.

మీరెందుకసలు అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్ల దగ్గర బలమైన ఆధారమే ఉంది. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్య తొమ్మిదేళ్లూ మేయరు లేడు, కార్పొరేటర్లు లేరు, మీ సంఘమూ లేదు, ప్రత్యేకాధికారి పాలన. ఆ కాలంలోనూ దీపాలు వెలిగాయి, రోడ్లు పడ్డాయి, హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక చెట్లు కూడా తీశారు. మరి లేనిదేమిటి? రాత్రి పదింటికి తలుపు కొట్టి "మా వీధి కొళాయి సంగతేంటి?" అని అరవడానికి ఒక ఇల్లు లేదు. అధికారికి అర్జీ పెట్టుకోగలం. పోట్లాడాలంటే మనం ఓటేసిన మనిషే ఉండాలి. అందుకే ఇంత వెటకారం చేస్తూ కూడా, మీరు లేని తొమ్మిదేళ్లు మళ్లీ రావాలని నేను కోరుకోను. ఈ ఒక్క పేరా మీ ప్రత్యర్థులకి చూపించుకోవచ్చు.

ఆఖరుది టేబుల్ అజెండా. సమోసాలు అయిపోయి, సంచులు సర్దుకుంటూ, పక్కవాళ్లతో డ్రైవరు ఎక్కడున్నాడని మాట్లాడుకుంటున్న వేళ కొన్ని కాగితాలు బల్లమీదకొస్తాయి. ముందు ఇంటికి పంపనివి, అత్యవసరమైనవి. కొన్ని నిజంగానే అత్యవసరం, పగిలిన పైపు నోటీసు గడువు కోసం ఆగదు. ఏవి అలాంటివో, ఏవి కావో తెలియాలంటే చదవాలి. చదవాలంటే మళ్లీ కూర్చోవాలి. మీరు కూర్చుంటే మిగతా తొమ్మిదిమందీ మీ వైపు ఎలా చూస్తారో మా అపార్ట్‌మెంటు మీటింగులో నేను చూసే ఉన్నాను. కాబట్టి చెయ్యెత్తేయండి. మీ రెండో ముక్క, ఆ కిరాణా కొట్టు నుంచి నీళ్ల ట్యాంకు దాకా ఉన్నది, అందులోనే ఉందని ఈఈ గారు ఇందాకే చెవిలో చెప్పారు కదా.