మిద్దె మీద కురుక్షేత్రం

పుత్తూరులో మిద్దె తోట పెట్టిన ఇల్లల్లా ఇప్పుడొక ఆయుధాగారం. నాలుగు వంగ మొక్కలు, రెండు టమేటా, పిట్టగోడ వెంబడి ఒక అనపతీగ. వాటి కాపలాకు నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నాస్త్రం. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేయాల్సొచ్చింది గానీ మనకు వాట్సాప్‌లోనే వచ్చి పడుతుంది. ఇంతకీ ఎదుటి సేన ఏది? వంగాకు కింద నక్కిన పేనుబంక.

పేర్లు పెట్టినవాళ్లను అనేదేం లేదు. సుభాష్ పాలేకర్ ఈ అస్త్రాలు చెప్పింది ఎకరాల్లో సేద్యం చేసే రైతుకు. నీమాస్త్రం లెక్కే ఎకరాకు వంద లీటర్ల నీళ్లు. మనవాళ్లు ఆ వంద లీటర్లనూ పది కుండీలకు సర్దగల సమర్థులు. చుట్టూ బంతి వేయండి, పసుపు జిగురట్టలు కట్టండి, కషాయం సంగతి చివర్లో చూద్దాం అని ప్రకృతి వ్యవసాయం నేర్పేవాళ్లు చెబుతూనే ఉంటారు. మనకు చివర్లో చెప్పిందే ముందు వినబడుతుంది. రసాయనం మానేశాం, సంతోషం. చల్లే జబ్బు మాత్రం అట్లే ఉంది.

"అంతా నేచురల్ అబ్బా, ఏం గాదు!" అన్నది ఈ సైన్యం నినాదం. ఉమ్మెత్త నేచురల్ కాదా? గన్నేరు కాదా? పప్పులో వేసుకుంటున్నామా? అగ్నాస్త్రంలో పడేది పొగాకు, పొగాకులో ఉండేది నికోటిన్. నికోటిన్ సల్ఫేటును పురుగుమందుగా వాడకూడదని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఎగుమతికి మాత్రం తయారు చేసుకోవచ్చట, ఆ పరోపకారం వేరే కథ. అమెరికా సేంద్రియ నిబంధనల్లోనైతే పొగాకు పొడి సహజమైనదే అయినా వాడరాని వాటి జాబితాలో ఉంది. పైగా టమేటాకు, మిరపకు సోకే ఒక మొజాయిక్ వైరస్ పేరులోనే పొగాకు ఉంది. ఎండిన ఆకులో కూడా చావని మొండి ఘటం అది. మరగబెట్టే ఓపిక లేక రాత్రంతా నానబెట్టిన పొగాకు నీళ్లతో ఆ తెగులును మన చేత్తోనే టమేటాకు అంటించి, "కాపు లేదు, విత్తనం మంచిది కాదు" అని అంగడివాణ్ణి తిట్టుకుంటాం.

వేప మీది భక్తి ఇంకా ముదిరింది. వేపలోని అజాడిరక్టిన్ పురుగును నిలువునా కూల్చదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనీయదు. ఎండ తగిలితే త్వరగా విరిగిపోతుంది కూడా, అందుకే సాయంత్రం చల్లమంటారు. మనం మిట్టమధ్యాహ్నం చల్లి, పొద్దు గూకే వేళకు పురుగు కదులుతోందని మర్నాడు రెండింతలు చల్లుతాం. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లే కొమ్మలు మాడి నిలబడ్డాయి. ఒకవైపు శిలీంధ్రం, మరోవైపు టీ దోమ. వేపచిగురు రసం పీల్చి బతికే ఆ దోమకు వేపాకు కషాయం చూపించి బెదిరించండి, చూద్దాం.

అసలు ఘోరం వేరే ఉంది. అక్షింతల పురుగు ఎర్రగా, గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది గనక దానికి ఫొటో తీస్తారు. దాని పిల్ల నల్లగా, గరుకుగా, బుల్లి మొసలిలా ఉంటుంది గనక దానికి అస్త్రం వేస్తారు. పేనుబంకను వందల లెక్కన మింగేది ఆ పిల్లే! పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ పురుగుది ఇంకా పాడు జాతకం. దాన్ని 1898లో మన దేశానికి తెచ్చుకున్నాం. దాని పిల్ల ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులు, అచ్చం పిండినల్లే. "చూడు సామీ, ఇది ఎంత బలిసిందో!" అని ముందు దాన్నే నలిపేస్తారు.

2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, దేన్నీ వదల్లేదు. ఒంటి మీది మైనం వల్ల మందు దానికి అంటదు. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫాగస్ పపాయే అనే కందిరీగను, చీమకన్నా చిన్నదాన్ని, తెప్పించి తోటల్లో వదిలారు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెట్టుకుంటూ పోయింది, కొన్ని నెలల్లో పీడ అణిగింది. ఆ కందిరీగ మనల్ని కోరేది ఒక్కటే, తన మీద ఏమీ చల్లకుండా ఉండటం.

ఈ మాట పుత్తూరుకు ఒకరు చెప్పాల్సి రావడమే వింత. విరిగిన ఎముకకు ఆకుపసరు, గుడ్డు సొన రాసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, ఇక కదలకుండా పడుండమని రాష్ట్రమంతటికీ నేర్పిన ఊరిది. రోజూ కట్టు విప్పి చూసుకునేవాడికి ఎముక అతకదని ఇక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. ఎముకకు వారాల గడువిచ్చే ఊరు వంగాకుకు ఆరు రోజులు ఇవ్వలేకపోతోంది.

పేనుబంకకు పొద్దున్నే పైపు పట్టుకుని ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొడితే చాలు. రాలిపోయినవాటిలో చాలావరకు మళ్లీ ఎక్కలేవు. అస్త్రం అనకుంటే మనసొప్పదంటారా, వరుణాస్త్రం అని పిలుచుకోండి. మంత్రం అక్కర్లేదు, పొగాకు అంతకన్నా అక్కర్లేదు.