పదివేల ల్యూమెన్ల పగటివేషం

నల్లగొండ గడియారం సెంటర్‌లో సినిమా హాలు పెట్టాలని ఎవరికైనా కోరికుంటే బ్యాంకు లోనుకు తిరగనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఏడువేలకో ప్రొజెక్టరు డబ్బా దొరుకుతోంది. దాని మీద ‘10,000 ల్యూమెన్స్, 4కె’ అని అచ్చేసి ఉంటుంది. థియేటర్ తెర మీద వెలుగు చదరపు మీటరుకు 48 క్యాండెలాలు ఉండాలన్నది డిజిటల్ సినిమా ప్రమాణం. నలభై అడుగుల స్కోప్ తెరకు లెక్క కడితే 9,400 ల్యూమెన్ల దగ్గర తేలుతుంది. అంటే ఈ డబ్బా థియేటర్‌ను నడపడమే కాదు, ఇంకో ఆరొందలు మిగులుస్తుంది కూడా. లక్షలు పోసి మిషన్లు దించిన హాళ్ళ ఓనర్లు ఎంత అమాయకులో పాపం!

నిజమైన కొలతకు ‘ఏన్సీ’ అని పేరు. తెరను తొమ్మిది గళ్ళు చేసి, గడిగడికీ వెలుగు కొలిచి, సగటు తీసి, వైశాల్యంతో హెచ్చవేస్తారు. డబ్బా మీద అన్ని రాతలూ ఉంటాయి, ఆ రెండక్షరాలు తప్ప. ఏన్సీలో తూస్తే పదివేలు కాస్తా రెండొందలకు చేరినా పండగే. 120 అంగుళాల తెర దాదాపు నాలుగు చదరపు మీటర్లు. రెండొందలను నాలుగుతో పంచితే యాభై. హాల్లో ట్యూబ్‌లైటు వేస్తే అంతకంటే ఎక్కువ వెలుగు ఆ తెర మీద ఉత్తపుణ్యానికి పడుతుంది. 4కె సంగతంటారా, వీడియో ఎంత పెద్దదిచ్చినా కాదనదు. తీసుకుని, లోపలున్న 1280×720 చుక్కల్లోకి కుక్కి చూపిస్తుంది.

ఈ డబ్బాలను చూసి నవ్వే ఆసాములు వేరే ఉన్నారు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు, జడ్చర్ల రోడ్డు మీద వెంచరు, ఊరి బయట డూప్లెక్సు, అందులో ‘హోమ్ థియేటర్ రూమ్’ అని ప్లానులోనే గీయించిన గది. వీళ్ళు డబ్బా కొనరు, టెక్నాలజీ కొంటారు.

“డీఎల్పీ తీస్కున్న బావా. లోపల అన్నీ అద్దాలే!”

అబద్ధమేం కాదు. 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్పది. 2015లో దానికి ఆస్కార్ కూడా ఇచ్చారు. ఇళ్ళకొచ్చే రకాల్లో చాలావాటికి 0.47 అంగుళాల చిప్పుంటుంది, దాని మీద 20,73,600 అద్దాలు. బొమ్మను రెప్పపాటులో నాలుగు వైపులా కాస్త కాస్త జరిపి వాటినే 83 లక్షల చుక్కలనిపిస్తుంది. చిప్పు ఒకటే కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వంతులవారీగా వస్తాయి. చటుక్కున చూపు తిప్పితే అంచుల్లో ఇంద్రధనుస్సు మెరుస్తుంది. అదీ కొందరి కళ్ళకే. ఇంట్లో ఆ కళ్ళు కొత్త కోడలివైతే, ఆ పిల్లను ముందు కంటి డాక్టరుకు చూపిస్తారు, తర్వాత మంత్రగాడికి.

“గందుకే చెప్పిన, మూడు ఎల్‌సీడీలది తీస్కోమని” అంటాడు బావ. అది ఎప్సన్ వాళ్ళ దారి. తోలుబొమ్మ వెనక దీపం పెట్టినట్టే, మూడు రంగులకు మూడు చిన్న పలకలు, వాటిలోంచి దూరి వచ్చే వెలుగు. ఇంద్రధనుస్సు బాధ లేదు. నలుపు మాత్రం చాలావాటిలో బూడిద రంగే. ఫిల్టరు దులపడం మరిచారా, పాలమూరు దుమ్ము లోపలికి చేరి హీరో చెంప మీద పుట్టుమచ్చ అవుతుంది. ఇక మూడోది ఎల్‌కాస్, జేవీసీ, సోనీల సరుకు. వెలుగు పలకలోంచి దూరదు, పలక మీద పడి వెనక్కొస్తుంది. నలుపులో దీన్ని మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. ధర లక్షల్లో.

లక్షలు పోసి తెచ్చిన నలుపును మనవాళ్ళు ఎక్కడ పెడుతున్నారో చూడాలి. అసలు ఏ ప్రొజెక్టరుకూ నలుపు వేయడం రాదు. వెలుగును ఆపడమొక్కటే వచ్చు. ఆపిన చోట గదిలో ఉన్న వెలుగే మిగులుతుంది. మన గదిలో తెల్ల పుట్టీ గోడలు, మొహం చూసుకోగల టైల్సు, సీలింగు చుట్టూ నీలం ఎల్‌ఈడీ పట్టీ, మూలకు యాదగిరి నర్సింహస్వామి పటం ముందు ఎర్ర బల్బు. తెర మీది వెలుగు గోడలకు కొట్టుకుని మళ్ళీ తెర మీదికే వస్తుంది. లక్షల నలుపు సున్నంలా తెల్లబోతుంది. నల్ల పరదాలు కట్టించండి, గోడలకు ముదురు రంగు వేయించండి అంటే, నాయనమ్మ లేస్తుంది: “ఇంట్ల నల్ల పరదాలేందిరా? ఎవలన్న పోయిన్రా?” జపాన్ ఇంజనీర్లు అక్కడే ఓడిపోయారు.

2023లో ‘బలగం’ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కలిసి చూసింది. ఏ చిప్పని అడిగినవాడు లేడు. రాత్రి, ఆకాశం, చుట్టూ గోడల్లేవు. తెర మీది వెలుగు వెనక్కి రావడానికి దారే లేదు. డూప్లెక్సులో దొరకని నలుపు పంచాయతీ ఆఫీసు ముందు పైసా ఖర్చు లేకుండా దొరికింది. ఈ మాట మన ఆసామితో అంటే, సీలింగు పీకించి ఓపెన్‌టాప్ థియేటర్‌కు కొటేషన్ అడుగుతాడు.

కంపెనీలూ తక్కువ తినలేదు. మాన్యువల్ తీస్తే 35 డిగ్రీలు, మహా అయితే 40 లోపు వాడమని ఉంటుంది. మే నెలలో నల్లగొండ 44 దాటితే ఎవరూ ఆశ్చర్యపోరు. మెనూలో మాత్రం పదిహేను వందల మీటర్లకు పైన ఉండే కొండవాసుల కోసం ‘హై ఆల్టిట్యూడ్ మోడ్’ పెట్టారు. మహబూబ్‌నగర్ ఎత్తు అందులో మూడో వంతు. లద్దాఖ్‌లో సినిమా చూసేవాడి కష్టం తెలిసినవాళ్ళకు పాలమూరు మోడ్ ఒకటి పెట్టాలని తోచలేదు. ఏసీ లేని గదిలో మాట్నీ వేస్తే, ఫ్యాను మోత డైలాగును మింగేస్తుంది. క్లైమాక్సుకు ముందే మిషను తనంతట తాను ఆగిపోతుంది.

ఆసామికి ఆ బెంగ లేదు. ఆయనది లేజరు.

“బల్బు మార్చుడు లేదన్నా. ఇరవై వేల గంటలు!”

ఆ గదిలో సినిమా పడేది ఏడాదికి రెండుసార్లు, దసరాకు అల్లుడొచ్చినప్పుడొకటి, సంక్రాంతికి బిడ్డొచ్చినప్పుడొకటి. ఒక్కోటి రెండున్నర గంటలు. ఇరవై వేల గంటలు అయిపోవడానికి నాలుగు వేల ఏళ్ళు పడుతుంది. వారంటీ రెండేళ్ళు, అంటే నాలుగు సినిమాలు.